ముక్కు మీద బొట్టు

దాదాపు రెండేళ్ళ కిందట నేనొక వ్యాసం రాశాను. మా ఇంట్లో ఒక హార్డ్‌డిస్కును దసరా బొట్టు చంపేసిందన్నది అందులోని సంగతి. అది చాలామందికి నచ్చింది. సభల్లో నాచేత ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. నేనూ మొహమాటపడలేదు. పాడైన ఆ డిస్కును చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళి, వేదిక మీద పైకెత్తి, దాని మీది ఎర్ర మరకను చూపించేదాన్ని. "మూఢత్వం మనిషికే కాదు, ఇనుముకు కూడా ఊపిరాడనివ్వదు" అనేదాన్ని. సరిగ్గా అక్కడ చప్పట్లు పడేవి.

ఆ వ్యాసం తప్పు. తెలిసి ఆడిన అబద్ధం కాదు, విచారించకుండా వేసిన నింద. ఇలాంటి పని ఇంకొకరు చేస్తే నేను వదిలిపెట్టిన దాఖలా లేదు కనుక నన్నూ వదలకూడదు. నేను నిందించిన మనిషి తన తరఫున మాట్లాడటానికి ఇప్పుడు లేదు. ఆమె మా అత్త. ఆమె గొంతు ఆ డిస్కులోనే ఉండేది.

మాది పంతులూ మంత్రాలూ లేని దండల పెళ్ళి. నేను కృష్ణా జిల్లా దాన్ని. మా ఇంట్లో అన్నం కన్నా ముందు వాదన వడ్డించేవారు. మా నాన్న నన్ను పదేళ్ళ వయసు నుంచే చర్చాసభలకు వెంటబెట్టుకుని తిరిగాడు. మా ఆయన మూసాపేట కిరాయి ఇళ్ళలో పెరిగినవాడు. వాళ్ళమ్మ ప్రభుత్వ దవాఖానలో ఆయాగా పనిచేసింది. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆమె నల్లగండ్లలోని మా ఫ్లాటుకు వచ్చింది. వస్తూ వస్తూ ఒక స్టీలు డబ్బా నిండా దేవుళ్ళ పటాలు తెచ్చుకుంది. వంటింట్లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చాను.

"అత్తయ్యా, మీ దేవుళ్ళ జోలికి నేను రాను" అన్నాను.

"అత్తయ్య ఏందే? ఆడదానికి అయ్య ఏడికెళ్ళొచ్చిండు? అత్తమ్మ అను" అంది. "నువ్వు మా దేవుళ్ళ జోలికి రాకుంటే నాకు పొద్దెట్ల పోతది? రా, మంచిగ రా."

అలా మొదలైంది. ఆదివారం పొద్దున పది గంటలకు బాల్కనీలో రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల, రెండు చాయ్ గ్లాసులు. ఆత్మ ఉందా, కర్మ ఉందా, దిష్టి తగులుతుందా. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. కానీ ముప్పై ఏళ్ళు కాన్పుల వార్డులో పనిచేసిన మనిషి. నేను శాస్త్రం మాట్లాడితే ఆమె వార్డు మాట్లాడేది. "నేను చూసినన్ని పుట్టుకలు, నేను చూసినన్ని సావులు నీ పుస్తకాలు చూసినయా?" అనేది. ఎన్ని సభల్లో మాట్లాడినా నాకు అంతటి ప్రతివాది దొరకలేదు. ఇది పుస్తకమవుతుందని నాకు తోచింది. భక్తురాలైన అత్త, నాస్తికురాలైన కోడలు, ఇద్దరి వాదాలూ ఉన్నవి ఉన్నట్టు.

ఒక రికార్డరు, కాలరుకు తగిలించుకునే మైకులు రెండు కొన్నాను. ఎవరి మైకుకు వాళ్ళ ఫైలు వేరుగా వచ్చేది. మాటలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటే రాసుకోవడం తేలిక. కంప్యూటర్లో రెండు ఫోల్డర్లు పెట్టాను. ఒకదాని పేరు "నేను", రెండోదాని పేరు "అత్త". ఆ వేరు చేయడమే తర్వాత నా మెడకు చుట్టుకుంది.

ఇక నా ఉద్యోగం గురించి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా సరే. కోకాపేటలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ల కోసం సూచనల పుస్తకాలు రాస్తాను. కంపెనీ అమ్మేది బ్యాకప్ సాఫ్ట్‌వేర్. ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల చోట్ల ఉండాలి, ఒకటి ఇంటికి బయట ఉండాలి. ఈ నియమాన్ని మా పుస్తకాల్లో ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. ఒకే ప్రతి ఉంటే దాన్ని బ్యాకప్ అనరు అని కూడా రాశాను.

ఇంట్లో మాత్రం ఒకే ప్రతి. పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన హార్డ్‌డిస్కును, రొట్టెలు కాల్చే టోస్టరులో రొట్టె ముక్క పెట్టినట్టు నిలువుగా పెట్టే ఒక స్టాండులో పెట్టి, లాప్‌టాప్‌కు తగిలించి వాడేదాన్ని. రికార్డింగులు అందులోకి ఎక్కించి లాప్‌టాప్‌లోంచి తీసేసేదాన్ని.

"క్లౌడ్‌ల పెట్టరాదు? ఆఫీసుల జనానికి చెప్పేది గదే గదా" అన్నాడు మా ఆయన.

నాకు కోపం వచ్చింది. కనిపించనిదాన్ని, ఎక్కడుందో తెలియనిదాన్ని, "మేము చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి" అనేదాన్ని నమ్మమంటాడా? క్లౌడును నమ్మడమంటే ఆప్తవాక్యాన్ని, అంటే పెద్దలెవరో చెప్పిన మాటను, నమ్మడమే. డిస్కు అలా కాదు, కంటికి కనిపిస్తుంది, చేతికి తగులుతుంది. ప్రత్యక్షమే ప్రమాణం. భోజనాల దగ్గర ఈ ఉపన్యాసం ఇచ్చాను. అత్త పెరుగన్నం కలుపుకుంటూ విన్నది.

"క్లౌడంటే ఏంది బిడ్డా?"

"మబ్బు."

"మబ్బులల్ల పెడ్తరా? మబ్బులల్ల ఎవ్వరు లేరంటివి గద మొన్న."

మా ఆయనకు నవ్వుతో పొలమారింది. ఆమె అక్కడితో ఆగలేదు. మూడు ప్రతుల నియమం ఏమిటో కొడుకును అడిగి చెప్పించుకుంది. "గంతేనా? మాకు ఎప్పటి నుంచో ఉన్నది. దేవుడు గుడిల ఒకటి, ఇంట్ల ఒకటి, గుండెల ఒకటి. గుడి కూలినా ఫికర్ లేదు" అంది. నేనూ నవ్వాను. నవ్వానే కానీ రెండో ప్రతి తీయలేదు. ఒక పోలిక బాగా కుదిరిందని పనికొచ్చే పద్ధతిని కాదన్నాను. మూఢనమ్మకానికి నేను సభల్లో ఇచ్చే నిర్వచనం కూడా దాదాపు ఇదే.

ఆ డిస్కు మీద లేబుల్ పక్కన చీమ తలంత రంధ్రం ఒకటి ఉండేది. దాన్ని మూయకూడదని ఇంగ్లీషులో రాసి ఉండేది. ఒకనాడు అత్త దాన్ని చూసి ఇదేమిటని అడిగింది. డిస్కు లోపల చాలా వేగంగా తిరిగే రేకులు ఉంటాయనీ, లోపలి గాలీ బయటి గాలీ సమానంగా ఉండటానికి ఆ రంధ్రమనీ చెప్పాను. "దీని ముక్కు అనుకోండి. దీంతోనే ఊపిరి తీస్తుంది" అన్నాను.

"ఊపిరి తీస్తదా?"

"ఒక రకంగా."

"ఊపిరి తీస్తదంటివి. మల్ల పానం లేదంటవు. గిదేం లెక్కనే?"

ఆ వారం చర్చ అంతా దాని మీదే నడిచింది. ఊపిరికీ ప్రాణానికీ తేడా చెప్పడానికి నాకు గంట పట్టింది. గెలిచింది నేనేనని అప్పుడు నా అభిప్రాయం.

ఆ ఏడు దసరాకు ఆమె ఎప్పటిలాగే ఇంట్లోని పనిముట్లకు పూజ చేసింది. మిక్సీకి, కారుకు, కొడుకు స్క్రూడ్రైవర్ల పెట్టెకు, చివరికి నా డిస్కుకూ ఉంగరం వేలితో ఇంత గంధం, ఇంత కుంకుమ. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూసి మండిపడ్డాను. మా ఆఫీసులో సర్వర్ల గదికి నిమ్మకాయ కట్టినప్పుడు ఉత్తరం రాసి తీయించిన మనిషిని నేను.

"రంధ్రం మూయకూడదని చెప్పాను కదా అత్తమ్మా."

"మూయలే. నాకెర్క" అంది.

అంతే అంది. ఆ రెండు ముక్కలు నాకు జ్ఞాపకం ఉన్నాయి. వ్యాసం రాసేటప్పుడు కూడా ఉన్నాయి. రాయలేదు.

రికార్డింగుల్ని అక్షరాల్లోకి మార్చడానికి ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నాను. మాటలు వింటుంది, తెలుగులో రాసి ఇస్తుంది. నా ఫైళ్ళు ఇస్తే ముత్యాల్లాంటి వాక్యాలు వచ్చాయి. అత్త ఫైలు ఒకటి ఇచ్చి చూశాను. "ఏందే బిడ్డా" అన్నది "ఎండ బిడ్డ" అయింది. "పానం" అన్నచోట "పానకం" అని పడింది. ఆమె తెలుగు ఆ యంత్రానికి తెలుగు కాదు. దాన్ని ఇంట్లో అందరం చదువుకుని నవ్వాం. ఎక్కువ నవ్వింది ఆమే. "నన్ను పానకం చేసిందా? గట్లనే ఉంచు" అంది. ఉంచలేదు. పనికిరాదని ఆ ఫైలునూ ఆ రాతనూ యాప్‌లోంచి తుడిచేశాను. ఆమె మాటలు నేనే విని రాసుకుందాం, తీరికగా, అనుకున్నాను. నా ఫైళ్ళు మాత్రం వారం వారం యాప్‌కు ఇస్తూ పోయాను. వ్యాసాలకు నా వాదాలు కావాలి కదా.

తర్వాతి ఎండాకాలంలో, ఒక మంగళవారం ఉదయం, చాయ్ గ్లాసు పట్టుకోబోయి అత్త చెయ్యి పడిపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంది. మాట రాలేదు. నాలుగో రోజు లేదు.

ఆత్మ లేదని నాకు తెలుసు. ఇప్పుడూ అదే మాట చెప్తాను. కానీ ఆదివారం పది అయ్యేసరికి నాకు నోరు ఊరుకునేది కాదు. బాల్కనీ తలుపు తీసేదాన్ని. కుర్చీ అక్కడే ఉండేది. ఏదో ఒక వాదం మొదలుపెట్టి, మనసులోనే, ఆమె ఇప్పుడు ఏమంటుందని ఆగేదాన్ని. ఏమీ వచ్చేది కాదు. ఆమె ఏమంటుందో నాకు ఎప్పుడూ ముందుగా తెలిసేది కాదని అప్పుడు గ్రహించాను. ఎదురుగా నలభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. క్రేన్లు తిరుగుతూనే ఉండేవి. ఇటువైపు ఒక్క మాట లేదు.

డిస్కులో ఆమె ఉందన్న ధైర్యంతో వినడం వాయిదా వేస్తూ వచ్చాను. చలికాలంలో ఒక సెలవు రోజున అలమరలోంచి తీసి స్టాండులో పెట్టాను. టిక్. కాసేపు ఆగి మళ్ళీ టిక్. లాప్‌టాప్‌లో ఏమీ కనిపించలేదు. తీసి పెట్టాను, తీగ మార్చాను. టిక్. పాడైన గోడ గడియారంలో ముల్లు లాగా ఆ చప్పుడు ప్రతిసారీ ఒకే చోటికి వచ్చి ఆగేది.

డిస్కును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. లేబుల్ మీద ఎర్రటి మరక. రంధ్రం దగ్గర ఎర్రటి పొడి. అయిపోయింది. నాకు నేరస్థురాలు దొరికింది. ఆ వారంలోనే వ్యాసం రాశాను. నిజం చెప్పాలంటే, రాస్తున్నంతసేపూ నాకు హాయిగా ఉంది. ఆమెతో మళ్ళీ వాదం పెట్టుకున్నట్టే ఉంది. ఈసారి ఆమె నోరెత్తలేదు.

మా ఆయన ఆ వ్యాసం చదివాడు. చదివి మడిచి బల్ల మీద పెట్టి, "మంచిగ రాసినవ్" అన్నాడు. అతను ఆ మాట ఎప్పుడూ అనడు. అది కూడా నాకు సాక్ష్యంగా తోచలేదు.

ఆ తర్వాత టిక్ చప్పుడు నన్ను వదల్లేదు. ఆఫీసు లిఫ్టు తలుపు దగ్గర, కారు ఇండికేటరులో, స్టవ్ వెలిగించేటప్పుడు. ప్రతిసారీ ఒక క్షణం ఆగి, తర్వాత మాట వస్తుందేమోనని చూసేదాన్ని. శబ్దం శబ్దమే, దాని వెనుక ఎవరూ ఉండరని నాకు నేను చెప్పుకునేదాన్ని. వేదికల మీద డిస్కును ఎత్తి చూపినంతసేపు మాత్రం ఆ చప్పుడు వినపడేది కాదు. అందుకే కాబోలు ఎక్కువసార్లు ఎత్తాను.

పోయిన ఏడాది ఒక సభలో చప్పట్లు అయ్యాక వెనక వరుసలోంచి ఒక కాలేజీ అమ్మాయి లేచింది. "మేడం, దాన్ని తెరిపించి చూశారా?" అంది.

"ఎందుకమ్మా, కళ్ళకు కనిపిస్తుంటే?"

"అట్లనే గదా మేడం, నమ్మేవాళ్ళు కూడా అనేది. కళ్ళకు కనిపిస్తుంది, ఇంకెందుకు అని."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేదాకా నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. ఎందుకు తెరిపించలేదు? తెరవనంతకాలం బొట్టే దోషి. తెరిస్తే ఏదో ఒకటి తెలుస్తుంది. తెలుసుకోవడం ఇష్టం లేని హేతువాది ఉంటుందా అంటే, మా ఇంట్లోనే ఉంది.

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసే దుకాణం మూసాపేటలో ఉందని మా ఆయనకు తెలుసు. తను పెరిగిన వీధులు కదా. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఇద్దరం వెళ్ళాం. మొదటి అంతస్తులో చిన్న గది, దాని లోపల దుమ్ము రాకుండా అద్దాలు బిగించిన ఇంకో గది. గోడకు చెక్క శిలువ. నడిపేది నలభై ఏళ్ళు దాటిన ఒకావిడ. నుదుట బొట్టు లేదు, కళ్ళజోడు మీద ఇంకో భూతద్దం ఉంది. మాట వినగానే మా వైపు మనిషని తెలిసిపోయింది.

నేను కథంతా చెప్పాను. ఇన్నిసార్లు చెప్పిన కథ కనుక బాగానే చెప్పాను. ఆమె డిస్కును దీపం కిందికి తీసుకుని చాలాసేపు చూసింది.

"బొట్టు దీని మీద లేదండి" అంది.

"కనిపిస్తోంది కదండీ, ఎర్రగా."

"బొట్టు ఉందండి. రంధ్రం మీద లేదు. చూడండి, గంధం ఎండిపోయి అంటుకుపోయిన బొట్టు ఇదిగో, పైన, లేబుల్ మొదట్లో. రంధ్రం దీనికి రెండు వేళ్ళు కింద. అక్కడున్నది ఉత్త పొడి కుంకుమ. ఊదితే పోతుంది." ఊదింది. పోయింది. కింద రంధ్రం శుభ్రంగా ఉంది. "దీని లోపల వడపోత కూడా ఉంటుందండి. ఈపాటి పొడికి ఏమీ కాదు."

ఆమె భూతద్దం పైకి తోసుకుంది.

"మీరిందాక దీన్ని ముక్కు అని చెప్పానన్నారు కదండీ ఆవిడకి?"

"అవును."

"మేం బొట్టు పెట్టుకోమండి. కానీ ముక్కు మీద బొట్టు పెట్టేవాళ్ళని మాత్రం నేనెక్కడా చూళ్ళేదండి."

మూయలే. నాకెర్క. అత్త దానికి నుదురు వెతుక్కుని, ముక్కును వదిలి బొట్టు పెట్టింది. నేను చెప్పిన పాఠాన్ని నాకన్నా శ్రద్ధగా విన్నది.

"తిరుగుతుండగా ఎప్పుడైనా దెబ్బ తగిలిందాండీ? కింద పడిందా? గబుక్కున లాగారా?" అని అడిగింది దుకాణం ఆవిడ.

"లేదు" అన్నాను గట్టిగా. పక్కన మా ఆయన గోడ మీది శిలువ వైపు చూస్తున్నాడు.

డిస్కును ఆమె దగ్గరే వదిలి స్టేషన్ మెట్లెక్కాం. రైల్లో సీట్లు లేవు. కూకట్‌పల్లి దాటాక అతను, కిటికీలోంచి బయటికి చూస్తూనే, మొదలుపెట్టాడు.

"అమ్మ పోయినంక దసరా యాదికున్నదా?"

"ఏముంది ఆ దసరాలో?"

"నేను కుంకుమ పట్టుకొని నీ గదిలకొచ్చిన. అమ్మ పెడ్తుండె గదా, నేను పెడ్తా అని. అది నడుస్తుండె. నువ్వేదో ఎక్కిస్తున్నవ్ అండ్ల. నన్ను చూసి ఒక్కటే గుంజుడు గుంజినవ్. బల్ల అంచుకు ఠప్పున తాకింది. నా చేతిలున్న కుంకుమంత దాని మీద పడ్డది. నువ్వు తీస్కపోయి అల్మారల ఏసినవ్."

జ్ఞాపకం వచ్చింది. మరిచిపోయిన విషయం కాదు. ఆ రోజు నాకు గుర్తున్నది అతని వేళ్ళు, ఆ ఎరుపు, "ఈ ఇంట్లో ఇది ఆమెతోనే అయిపోయింది" అని నేను అన్న మాట. బల్ల అంచు గుర్తులేదు. నిమిషానికి వేలసార్లు తిరుగుతున్న రేకుల మీద, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు తక్కువ ఎడంలో సూది ఉంటుందనీ, నడుస్తున్న డిస్కును కదిలించకూడదనీ మా కంపెనీ పుస్తకంలో రాసింది నేనే. బొట్టు పడకుండా కాపాడబోయి ఆమెను బల్ల అంచుకు కొట్టాను.

"ఏడాది పైనుంచి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలె? నువ్వు అమ్మ మీద ఏసినవ్. అమ్మ ఏమనుకోదు. నీ మీద ఏసుకుంటే నువ్వు పండుకోవు."

"అంతమంది ముందు ఆమెను..."

"అమ్మను చూసి నవ్విన్రు. ఆమె ఉన్నప్పుడు గూడ నవ్విపిస్తుండె గదా జనాన్ని" అన్నాడు. కానీ అతని గొంతు ఆ మాట అనడం లేదు. మియాపూర్ దాకా మళ్ళీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. బహుశా మా కాపురంలో అంతసేపు నేను ఊరుకోవడం అదే మొదలు.

మూడు వారాల తర్వాత మూసాపేట నుంచి ఫోన్ వచ్చింది. రేకుల మీద గీత పడిందట. "పేర్లు వచ్చాయండి. ఫైళ్ళు రాలేదు" అంది ఆవిడ. ఫోల్డర్ల పట్టిక మాత్రం పంపింది. "అత్త" కింద వరుసగా ఆదివారాల తేదీలు. ఒక్కోదాని పక్కన దాని నిడివి. గంటా పన్నెండు నిమిషాలు. యాభై నాలుగు నిమిషాలు. లోపల ఏమీ లేదు. సమాధుల మీద రాసినట్టు తేదీలు, అంతే. అందులో ఏది ఊపిరికీ పానానికీ తేడా అడిగిన ఆదివారమో నేను చెప్పలేను.

అప్పుడు యాప్ జ్ఞాపకం వచ్చింది. తెరిచి చూస్తే నా ఫైళ్ళన్నీ అక్కడ ఉన్నాయి, ఒక్కటి కూడా పోకుండా. నేను ఏ క్లౌడును ఆప్తవాక్యమని తిట్టానో అది నా మాటల్ని అడక్కుండానే దాచింది. నా గొంతుకు రెండు ప్రతులు ఉండేవి. ఆమె గొంతుకు ఒక్కటి. ఇలా ఎంచుకున్నది యంత్రం కాదు. ఆమె తెలుగు దానికి రాదని తేలిన రోజున, అయితే ఆమెను ఇంకోచోట దాచాలి అనుకోవాల్సిన మనిషిని నేను.

ఫైలు పెట్టి విన్నాను. నా గొంతు వాదిస్తోంది. స్పష్టంగా, పదునుగా, ఉదాహరణలతో. ఆగుతుంది. జవాబు లేదు. "అది కాదు అత్తమ్మా" అని మళ్ళీ అందుకుంటుంది. ఎవరూ లేని గదిలో ఒక మనిషి గెలుస్తూ పోతోంది. పది నిమిషాలు విని చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేశాను. దెయ్యాలు లేవని జీవితమంతా చెప్పాను. ఆ ఫైలులో ఉన్నది దెయ్యమే అయితే, అది నేనే.

కొన్నాళ్ళకు మా ఆయన ఒక మాట అన్నాడు. "బల్ల చిన్నదే గదా. నీ మైకుల అమ్మ జర్రంత గూడ పడలేదా?"

పడింది. శబ్దం పూర్తిగా పెంచి, నేను ఊపిరి తీసుకునే చోట చెవి పెడితే, దూరంగా, బావి అడుగు నుంచి వచ్చినట్టు, ఆమె ఉంది. ఎక్కడ? నేను ఆగినచోట మాత్రమే. నేను ఎంతసేపు ఆగితే ఆమె అంతసేపు ఉంది. నా మాట మీద పడిన ఆమె మాట నా మాట కింద అణిగిపోయింది. ఆ ఫైళ్ళు వింటే తెలిసింది, నేను ఎంత తక్కువ ఆగుతానో. ఒక్కో గంటలో ఆమె నాలుగైదు నిమిషాలకు మించి దొరకదు. ఆమె మాట్లాడలేదని కాదు.

ఇప్పుడు ఆదివారాలు అదే పని. దొరికిన ముక్కల్ని కత్తిరించి, నా చెవితో విని, నా చేత్తో రాస్తున్నాను. ప్రతి ముక్కకూ మూడు ప్రతులు. ఒకటి క్లౌడులో, ఒకటి ఇంట్లో కొత్త డిస్కులో, ఒకటి మూసాపేటలో ఆ శిలువ ఉన్న గదిలో. క్లౌడా, డిస్కా అని నన్నెవరైనా అడిగితే, ఆ రెంటి మధ్య వాదం పెట్టుకోవడమే నా తప్పని చెప్తాను. రెండూ మనుషులు చేసినవే, రెండూ పాడవుతాయి. పోగొట్టుకోలేనిదాన్ని అన్నిచోట్లా పెట్టుకోవాలి. గుడిలో, ఇంట్లో, గుండెలో అని ఆమె చెప్పింది. గుడిని నేను ఇప్పుడూ ఒప్పుకోను. లెక్కను ఒప్పుకుంటున్నాను.

బొట్టు మీద నా అభిప్రాయం మారలేదు. ఈ దసరాకు మా ఆయన కుంకుమ గిన్నెతో గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు. నేను డిస్కును ఆపి, రేకులు తిరగడం పూర్తిగా ఆగేదాకా కూర్చుని, తీసి అతని చేతికి ఇచ్చాను. నేను పెట్టలేదు. అతను పెట్టాడు. ఎక్కడ పెట్టాలో అతనికి చెప్పక్కర్లేకపోయింది.

ఒక ముక్క దగ్గర మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. కర్మ సిద్ధాంతం మీద నేను గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్న ఆదివారం అది. ఒకచోట నా గొంతు తడారి ఆగుతుంది. బల్ల మీద గ్లాసు జరిగిన చప్పుడు. వెనకాల ఆమె గొంతు. "జర" అన్నది స్పష్టంగా ఉంది. తర్వాతి మాట సగం వినపడుతుంది. "తాగు" కావచ్చు. "ఆగు" కావచ్చు. ఆ వెంటనే నా గొంతు మళ్ళీ అందుకుంటుంది.

మా ఆయనకు వినిపించాను. "తాగు అన్నది. చాయ్ సల్లారుతుందని. అమ్మ అందరితోని గట్లనే అంటది" అన్నాడు, ఇయర్‌ఫోన్లు తీయకుండానే. మూసాపేట ఆవిడ గీతలు గీసే ఏదో యంత్రంలో పెట్టి చూసి, "మొదటి అక్షరం మీ గ్లాసు చప్పుడు కింద పడిపోయిందండి" అంది. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కపెట్టలేదు. అలసిపోయిన రోజున "తాగు" అని వినపడుతుంది. మిగతా రోజుల్లో "ఆగు".

పుస్తకం కోసం రాస్తున్న కాగితంలో ఆమె పేరు కింద "జర" అని రాసి, పక్కన "తెలియదు" అని రాశాను.